పడిన గోడ, కాలిన గుమ్మములు

పాఠ్యభాగము: నెహెమ్యా 1:3-4; 2:17-18; 3:28; 1 కొరింథీ 6:19-20



యెరూషలేము గోడ పడిపోయినదని వినినప్పుడు నెహెమ్యా కూర్చుండి ఏడ్చెను. పట్టణమునకు గోడ ఎట్టిదో దేహమునకు రోగనిరోధక శక్తి అట్టిది. ఒంగోలు, నెల్లూరు ప్రాంతముల సంఘములనుండి వచ్చి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పి.జి.లలో నివసించు మన యౌవనులను తలంచుకొని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

నల్లమందు, హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్, టాపెంటడాల్ ఒకే కోవకు చెందినవి. వీటిని ఓపియాయిడ్లు అందురు. వైద్యుని సలహాపై వాడిన నొప్పిని తీర్చును. మత్తుకొరకు వాడిన బానిసను చేయును. 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారము దేశములో సుమారు 2.26 కోట్లమంది ఓపియాయిడ్లు వాడుచున్నారు. సుమారు 8.5 లక్షలమంది మత్తుమందులను సూదితో ఎక్కించుకొనుచున్నారు.

గోడ ఎట్లు పడును?

1. కావలివారు నిద్రింతురు. క్రిములను మ్రింగివేయు తెల్లకణములను మార్ఫిన్ వంటి మందులు మందగింపజేయును.

2. ఊపిరి నెమ్మదించి, దగ్గు అణగిపోవును. కఫము లోపలనే నిలిచి న్యుమోనియాకు దారితీయును. అమెరికాలోని టెన్నెసీలో జరిగి 2018లో ప్రచురితమైన పరిశోధనలో, వైద్యుడు వ్రాసిన ఈ మాత్రలు వాడువారిలో సహితము న్యుమోకోకస్ క్రిమి వలని తీవ్రవ్యాధి సుమారు 60 శాతము ఎక్కువగా కనబడెను.

3. సూది గుమ్మమును తెరచును. చర్మముమీది క్రిములు రక్తములో ప్రవేశించి చీముగడ్డలు, గుండె కవాటముల వ్యాధి కలుగజేయును. ఒకరి సూదిని మరియొకరు వాడిన హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి సోకవచ్చును.

మనము చేయవలసినదేమి?

అనేకసార్లు ప్రాణము తీయునది మందు మాత్రమే కాదు, దాచిపెట్టుట కూడ. సంఘములో తెలియునేమోయని భయపడి బిడ్డ జ్వరమును దాచును. పరువు పోవునని తల్లిదండ్రులు దాచుదురు. మత్తుమందు వాడువారికి చలిజ్వరము, ఆయాసము, సూది గ్రుచ్చినచోట వాపు కలిగినయెడల అదే దినమున ఆసుపత్రికి తీసికొనిపోవలెను. డాక్టరుతో నిజము చెప్పవలెను. ప్రార్థన చేయుదము, చికిత్సయు చేయించుదము.

నిరీక్షణ కలదు. హెపటైటిస్ సి చాలమందికి సుమారు 12 వారముల మాత్రలతో నయమగును. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఆ మందులు ఉచితము. వ్యసన విముక్తికి హోసూరు రోడ్డునందలి నిమ్హాన్స్‌లో ప్రత్యేక విభాగము కలదు. 14446 అను ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చును. అయితే క్యాన్సరు నొప్పికి వైద్యుడు ఇచ్చిన మార్ఫిన్‌ను భయపడి ఎవరును మానరాదు. అది పాపము కాదు.

యెరూషలేము గోడను కట్టినవారిలో అనేకులు తమ తమ యిండ్ల యెదుటనే కట్టిరి. మనమును మన వీధిలోనే, మన పక్క గదిలోనే ఆరంభింతము.

చర్చకు: 1. వ్యసనములో పడిన యౌవనుడు మన సంఘములో ఎవరితో భయములేక చెప్పుకొనగలడు? 2. అతని గాయమును మొదట కట్టుదుమా, మొదట తీర్పు తీర్చుదుమా?

ప్రార్థనాంశము: ఇంటికి దూరముగానున్న మన బిడ్డల కొరకు, వారికి చికిత్స చేయు వైద్యుల కొరకు.