ఊకలో ఐసుగడ్డ

కాకినాడ,
రథసప్తమి సాయంత్రం

అమ్ములూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు మడత నిచ్చెన నాలుగు మెట్లెక్కి, టార్చి వేసి, "నాన్నా, ఇదిగో నా అటక" అని చూపించావు చూడు, అప్పట్నుంచి నా మనసు ఆ చీకట్లోనే తచ్చాడుతోంది. వంటింటి కిటికీ, పెరట్లో ఓక్ చెట్టు, ముందు గదిలో ఎండ పడే చోటు అన్నీ చూసి మురిసిపోయాను, నా కూతురు సొంత జీతంతో కొనుక్కున్న ఇల్లని వీధిలో ఎదురైన వాళ్లందరికీ చెప్పుకున్నాను, కానీ ఆ టార్చి వెలుగులో దూలాల అంచులు పైకి తేలి కనిపించేసరికి గుండె కలుక్కుమంది. 1974లో కట్టిన ఇల్లు కదా, అప్పుడు పరిచిన గులాబీరంగు ఫైబర్‌గ్లాస్ అణిగిపోయి బెత్తెడు మందం మిగిలినట్టుంది.

ఇవాళ పొద్దున నాయనమ్మ పెరట్లో పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి చూపిస్తూ, "ఇక ఎండ ముదురుతుందిరా" అంది. నాకు వెంటనే హ్యూస్టన్‌లో నీ కప్పు మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా కదలకుండా కూర్చునే ఎండే గుర్తొచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఆ అటకలో గాలి 130 డిగ్రీలు దాటిపోతుందమ్మా, అంటే ఇక్కడి లెక్కలో 54 పైన. ఆ వేడికీ నీ మంచానికీ మధ్య అరంగుళం షీట్‌రాక్, ఆ బెత్తెడు దూది తప్ప ఇంకేమీ లేదు. ఏసీ ఎంత తిరిగినా రాత్రి పదకొండుకి కూడా కప్పు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. అందుకే ఫోన్లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు "సరే నాన్నా, సరే నాన్నా" అంటావు, నేను సగంలో మర్చిపోతాను.

నీకు తాతగారి ఐసుగడ్డ కథ చెప్పానో లేదో గుర్తు లేదు. నా చిన్నప్పుడు ఇంట్లో పెళ్లంటే ఐసు ఫ్యాక్టరీ నుంచి రిక్షాలో పెద్ద గడ్డ తెచ్చేవాళ్లు, దాన్ని గోనెసంచిలో వేసి చుట్టూ ఊక పోసి అరుగు మీద నీడన పెడితే మే నెల ఉక్కలో కూడా మర్నాటి దాకా ఉండేది. ఊక చల్లగా ఉంటుందా అని నేనడిగితే, తాతగారు మిల్లు దగ్గర ఎండలో పోసిన ఊక కుప్పలోకి నా చెయ్యి మోచేతి దాకా దూర్చారు. పైన కాలిపోతోంది, లోపలికి వెళ్లేకొద్దీ ఆ వేడే లేదు. "ఊకలో చల్లదనమేమీ లేదురా, దానిలో గాలి ఇరుక్కుని కదలదు, కదలని గాలి వేడిని మోసుకురాదు" అన్నారు. ఆయన పెద్దగా చదువుకోలేదు. ముప్పై ఏళ్లు అమెరికాలో ఏసీ డక్టుల లెక్కలు కట్టిన నాకు ఆ మాటకంటే ఎక్కువ చెప్పడం రాదు.

నీ అటకలో పోయించాల్సింది కూడా అలాంటి ఊకే. రెండు రకాలు దొరుకుతాయి. ఫైబర్‌గ్లాస్ పీచు ఒకటి, సెల్యులోజ్ ఒకటి. సెల్యులోజ్ అంటే పాత న్యూస్‌పేపర్లని పొడిపొడిగా చీల్చి, నిప్పు అంటుకోకుండా, పురుగు పట్టకుండా బోరేటు కలిపిన బూడిదరంగు దూది. దోసిట్లోకి తీసుకుని వేళ్లతో విడదీస్తే ఎక్కడో ఒక అక్షరం ముక్క కనిపిస్తుంది, నువ్వు చిన్నప్పుడు వాటిని ఏరి పేర్చి మాటలు చేద్దామని చూసేదానివి. అంగుళానికి సెల్యులోజ్ ఆర్-వేల్యూ, అంటే వేడిని అడ్డుకునే శక్తి, మూడున్నర దాకా ఉంటుంది, పోసిన ఫైబర్‌గ్లాస్‌కి రెండున్నర అటూ ఇటూ. 2021 ఇంధన పొదుపు కోడ్ మీ హ్యూస్టన్ ఉన్న రెండో వాతావరణ మండలానికి ఆర్-49 అడుగుతోంది, అంటే సెల్యులోజ్ అణిగాక కూడా పద్నాలుగు అంగుళాలు, మూరెడు కంటే తక్కువ. ఉన్న పాతది తడవకుండా, ఎలుకలు పాడు చెయ్యకుండా ఉంటే పీకించక్కర్లేదు, దాని మీదే పోయొచ్చు. ఏ మూలైనా అభ్రకంలా మెరిసే గుళికలు కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టకు, కదిలించకు, ముందు పరీక్ష చేయించు, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

కానీ తల్లీ, పోయించడానికి ముందు సందులు మూయించాలి. ఈ పని వదిలేసి పోయించడానికే అందరూ తొందరపడతారు, నేనూ తొందరపడ్డాను. కప్పులో లైట్ల చుట్టూ, గొట్టాలు పైకెక్కే చోట, గోడల తలకట్టు దగ్గర వేలు పట్టే సందులు బోలెడుంటాయి, వాటిలోంచి చల్లగాలి పోతుంది, అటక గాలి దిగుతుంది, మీద ఎంత ఊక పోసినా గాలి నడుస్తూ ఉంటే అది ఊకే కాదు. పాత ఫైబర్‌గ్లాస్ మీద నల్లటి మరకలు ఎక్కడున్నాయో చూడు, ఏళ్ల తరబడి గాలి పోతూ పోతూ దుమ్ము వడకట్టిన చోట్లు అవి. హ్యూస్టన్‌లోనే మన పాత ఇంట్లో నేను ఒక డిసెంబరు ఆదివారం పైకెక్కి సందులు వెతుకుతూ ఉంటే, కింద మీ అమ్మ పులిహోరకి ఇంగువ తాలింపు పెట్టింది, ఆ వాసన ఏ లైటు పక్కనుంచి పైకి వస్తోందో చీకట్లో ముక్కుతో పట్టుకుంటూ వెళ్లి ఒక్కొక్క చోటా ఫోమ్ కొట్టాను, పదకొండు సందులు దొరికాయి. నువ్వూ అలాగే చెయ్యి. ఇంగువ మనదే పంపిస్తాను. పాత లైట్లయితే మీద దూది కప్పొచ్చో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడుగు, వేడెక్కే రకమైతే చుట్టూ మూడంగుళాలు ఖాళీ ఉండాలి. గీజరు పొగగొట్టం చుట్టూ రేకు కట్టించి దూది దాన్ని తాకకుండా చూడు. బాత్‌రూం ఫ్యాను గొట్టం అటకలో ఊరికే వదిలేసి ఉంటే దాన్ని కప్పు దాటించి బయటికి పెట్టించు.

ఇప్పుడు నీ ఏనుగు సంగతి. ఆ పాత ఇంట్లో నీ గదిలో మంచానికి ఎదురుగా కప్పు మీద ఆగస్టు వచ్చేసరికి ఒక మరక పెద్దదయ్యేది, తొండం కూడా ఉందని, రంగు వేస్తే ఏడుస్తానని నువ్వన్నావు, నేను వెయ్యలేదు. కప్పు కారుతోందని నేను రెండు సార్లు షింగిల్స్ మార్పించాను, అయినా ఏనుగు పెరుగుతూనే ఉంది. అసలు కారణం వాన కానే కాదు. వేసవిలో హ్యూస్టన్ గాలిలో ఎంత తేమ ఉంటుందంటే 75 డిగ్రీల చల్లటి వస్తువు తగిలినా అక్కడ చెమట పట్టేస్తుంది, డక్టులో వచ్చే గాలి 55 డిగ్రీలు, నీ గది మీద డక్టుకి పైన చుట్టిన తొడుగు ఒక చోట చిరిగింది, కాకినాడలో చల్లటి మజ్జిగ చెంబుకి పట్టినట్టే దానికి నీళ్లు పట్టి బొట్టు బొట్టుగా నీ ఏనుగు మీద పడేవి. అందుకని మీద దూది పోయించే ముందే డక్టులన్నీ చేత్తో తడిమి చూడమను. జాయింట్లు మాస్టిక్‌తో మూయించు, తొడుగు చిరిగితే మార్పించు. చూరు కింద సాఫిట్ వెంట్లు దూదితో పూడిపోకుండా వాసాల మధ్య అట్టలు బిగించి గాలికి దారి ఉంచమను. చికాగోలో ఉన్న మీ పెద్దమ్మ కొడుకు దూది కింద ప్లాస్టిక్ షీటు పరిపించు అంటే వినకు, వాడు మంచివాడే, వాడి ఊళ్లో చలికాలం తేమ ఇంట్లోంచి బయటికి పోతుంది, నీ ఊళ్లో బయటి నుంచి లోపలికి వస్తుంది, ఆ షీటు చల్లబడి దాని మీదే నీరు చేరుతుంది. ఇంకొకటి, అటక బాగుపడ్డాక ఇల్లు తక్కువ ఏసీతోనే చల్లబడుతుంది, పాత మిషను మార్చే రోజు వస్తే పెద్దది పెట్టమనే వాళ్ల మాట వినకుండా లెక్క కట్టించి తీసుకో. మరీ పెద్దదైతే ఐదు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది, చల్లగానే ఉంటుంది గానీ తేమ పోదు, బట్టలు బీరువాలో బూజు వాసన వేస్తాయి.

ఆ పాత ఇంట్లో మొదటిసారి 1999లో దూది పోయించినప్పుడు నేను కొలకర్ర చూసి డబ్బులిచ్చేశాను. పన్నెండు అంగుళాలు చూపించారు, నిజమే. కానీ గాలి ఎక్కువ కొట్టి పొంగించి పోశారని రెండు వేసవులకి అది ఎనిమిదంగుళాలకి కుంగాక తెలిసింది. ఆ పనివాళ్ల పేరు ఇప్పుడెందుకులే. నువ్వు మాత్రం సంచులు లెక్కపెట్టు. ప్రతి సంచి మీదా ఎన్ని చదరపు అడుగులకి ఎన్ని సంచులు కావాలో పట్టిక ఉంటుంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 1980 నుంచి ఉంది, ఎంత మేర పోశారో, పోసినప్పుడు మందం, అణిగాక మందం, ఆర్-వేల్యూ, సంచులెన్నో రసీదులో రాసివ్వాలి. ఖాళీ సంచులు పారెయ్యనివ్వకుండా పెరట్లో ఒక పక్కన పెట్టమను. అడగడానికి మొహమాటపడతావని నాకు తెలుసు. నవ్వుతూనే అడుగు, నీకు అది వచ్చు.

రెండోసారి 2006లో వచ్చిన ఇద్దరూ వేరే మనుషులు. ఒకతను ట్రక్కులో మిషనులోకి సంచులు చింపి వేస్తుంటే, ఇంకొకతను గొట్టం పట్టుకుని పైన ఉన్నాడు. నీకు తొమ్మిదేళ్లు. నిచ్చెన కింద నిలబడి, స్కూల్లో నేర్చుకున్న రెండు స్పానిష్ మాటలు పోగేసుకుని "ఆగ్వా? ఆగ్వా?" అని పైకి కేకేస్తూనే ఉన్నావు, అతను దిగొచ్చాడు, కనుబొమ్మల దాకా బూడిదరంగు, కళ్లు మాత్రమే మెరుస్తున్నాయి. ఆగ్వా అంటే నీళ్లు గానీ నువ్వు నీళ్లివ్వలేదు, ఫ్రిజ్‌లోంచి మీ అమ్మ చేసిన మజ్జిగ గ్లాసు తెచ్చి రెండు చేతులతో ఇచ్చావు. అతను తాగాడు, ఉప్పూ అల్లమూ తగిలి ఆశ్చర్యపోయి, ఇంకా ఉందా అని సైగ చేశాడు. కాసేపటికి నన్ను పిలిచి పైకెక్కించి టార్చి వేసి చిరిగిన డక్టు చూపించి, ఇది బాగు చేయించకుండా మీద పొయ్యను, రేపొస్తాను అన్నాడు. ఒక రోజు పని పోగొట్టుకున్నాడు. దూది కప్పేసి వెళ్లిపోయి ఉంటే నాకు జన్మలో తెలిసేది కాదు. నేను అతన్ని తరచు తలుచుకుంటాను, మరీ తరచుగా నిచ్చెన కింద నిలబడిన ఆ పిల్లని తలుచుకుంటాను.

ఈ పని ఫిబ్రవరి, మార్చిలోనే చేయించేసెయ్, ఎండలు ముదిరితే పైకెక్కే మనిషికి ప్రాణం మీదకొస్తుంది. తప్పనిసరైతే పొద్దున తొమ్మిదిలోపు ముగించమను, మధ్యలో దింపి కూర్చోబెట్టు. నువ్వు ఒక్కదానివీ పైకెక్కకు, ఎక్కినా దూలాల మీదే అడుగు వెయ్యి, మాస్కు పెట్టుకో, ఫోన్ జేబులో ఉంచుకో. మీ అమ్మ ఇక్కడ కూర్చుని ఈ వాక్యం రెండు సార్లు రాయమంటోంది.

ఈ కవర్లో ఒక ఫోటో పెట్టాను. 2019లో ఇల్లు అమ్మేసే ముందు, కొన్నవాళ్లు రంగు వేయిస్తారని తెలిసి, నీ మంచం ఉండే చోట నేల మీద పడుకుని తీశాను. డక్టు బాగు చేయించాక పదమూడేళ్లుగా ఏనుగు పెరగలేదు, అంతే ఉంది, తొండం కూడా కనిపిస్తుంది చూడు.

నీ
నాన్న