తేలిక పుస్తకముల తూనిక

పాఠ్యపుస్తకము నడుమ మఱియొక పుస్తకమును దాచుకొని చదువు బాలుని చూచి పెద్దలు కనుబొమలు ముడుచుట క్రొత్త సంగతి కాదు. ఆ దాచిన పుస్తకమేదియని విచారించినచో, అది సామాన్యముగా రెండు తెగలలో నొకదానికి చెందియుండును. ఒకటి అపరాధ పరిశోధక నవల: దొంగతనమో, హత్యయో జరుగును, చేసినవాడెవ్వడో తుదిపుట వఱకును తెలియదు. రెండవది మాయల కథ: మాంత్రికులు, రాక్షసులు, పాతాళమార్గములు, వానినన్నిటిని దాటిపోవు సాహసవంతులైన యువకులు. ఇవి కేవలము కాలమును పాడుచేయు పుస్తకములేనా?

బోధను పట్టణమున చక్కెర కర్మాగారములో చెఱకురసమును పరీక్షించుచు జీవితము గడపిన ఒక పాఠకుడు ఈ ప్రశ్నను చిరకాలము మనసున నుంచుకొనెను. ఆయన పండితుడు కాడు. విమర్శకుడని పేరు పొందినవాడును కాడు. అయినను పదియవయేటి నుండి డెబ్బదియవయేటి వఱకు ఈ రెండు తెగల పుస్తకములను విడువక చదివినవాడగుటచే ఆయన అభిప్రాయములు వినదగినవి.

ఆయన పెరిగిన చోటును గూర్చి కొంత చెప్పవలెను. మంజీరానదిపై నిజాంసాగరు 1931లో పూర్తియైనది. కాలువ నీరు పాఱిన పొలములలో చెఱకు విస్తరించెను. 1937లో బోధను చెంత నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును ఏర్పడిన శక్కర్‌నగరులో తెలుగువారును, మరాఠీలును, ఉర్దూ మాటలాడువారును ఇరుగుపొరుగుగా కాపురముండిరి. చలికాలమున గానుగ మొదలైనదన్న చెఱకు బండ్లు బారులు తీర్చి నిలుచుచుండెను. బెల్లపుపాకము వంటి వాసన ఊరంతయు క్రమ్ముకొనుచుండెను. ఆ గానుగ 2015 డిసెంబరులో నిలిచిపోయినది. ఆయన చెప్పు మాటలన్నియు గానుగ ఆడుచుండిన దినములకు సంబంధించినవి.

ఆ సీమలో ఆయన తండ్రి తరమువారు పై తరగతులను ఉర్దూలో చదివిరి. హైదరాబాదు సంస్థానమున విద్యకు అదియే ప్రధాన భాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయములో సైతము బోధన ఉర్దూలోనే జరిగెడిది. కావున తండ్రి 'తిలిస్మె హోష్‌రుబా' లోని మాయానగరముల కథలను చెప్పెడివాడు. ప్రక్కయింటి గుమాస్తా, 1952లో అలహాబాదునుండి వెలువడ నారంభించిన ఇబ్నె సఫీ 'జాసూసీ దునియా' పుస్తకములను తెప్పించుకొని చదివెడివాడు. బాలునకు లభించినవి తెలుగు పుస్తకములు. 1947లో మద్రాసున పుట్టిన 'చందమామ' మాసమునకొకమాఱు వచ్చెడిది. కొమ్మూరి సాంబశివరావు నవలలలోని డిటెక్టివ్ యుగంధర్, ఆతని సహాయకుడు రాజు చేతులు మాఱి మాఱి, అట్టలు చినిగిన స్థితిలో వచ్చెడివారు. ఒకే వీధిలో రెండు భాషలలో ఇద్దఱు పరిశోధకులు దొంగలను పట్టుచుండిరి! గుమాస్తాయు బాలుడును సాయంకాలమున అరుగుపై కూర్చుండి, ఎవని పరిశోధకుడు గొప్పవాడని వాదించుకొనెడివారు.

తండ్రి మాత్రము తెలుగు నవలలను చూచి కోపించెను. "ఇంగ్లీషువాని కథలకు తెలుగు తలపాగ చుట్టినారు," అని ఆయన ఆక్షేపణ. అందు కొంత నిజము లేకపోలేదు. ఈ తెగ కథలకు అమెరికాలో ఎడ్గార్ ఎలన్ పో 1841లో దారి వేసెను. ఇంగ్లండులో కానన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్సును సృష్టించెను. తెలుగున కొన్ని వంగదేశము మీదుగా అనువాదములై వచ్చినవి. కాని మాయల కథ పరాయిదన్నచో మన పాఠకుడు అంగీకరింపడు. బోధనుకు ఏకచక్రపురమని ప్రాచీన నామమున్నదనియు, భీముడు బకాసురుని చంపినది ఇచ్చటనే యనియు ఆ ఊరివారు చెప్పుకొందురు. బండెడన్నముతో రాక్షసుని కడకు పోవు భీముని కథను పాలతోపాటు త్రాగిన బాలుడు మాంత్రికుల కథను చదివినంతమాత్రమున చెడిపోవునా? అంతియే కాదు. పదునైదవ శతాబ్దిలో 'సింహాసన ద్వాత్రింశిక'ను రచించిన కొఱవి గోపరాజు నేటి నిజామాబాదు జిల్లాలోని భీమగల్లు ప్రాంతపు కవియని సాహిత్య చరిత్రకారులు వ్రాసియున్నారు. భోజరాజు ఎక్కబోవు ప్రతిమెట్టునను ఒక సాలభంజిక నోరు విప్పి, విక్రమార్కుని కథ చెప్పి ఆపును. ముప్పదిరెండు బొమ్మలు, ముప్పదిరెండు కథలు. "మెట్టుమెట్టునకును ఆపి, రేపటికై ఎదురుచూచునట్లు చేయు విద్యను చందమామ ఎక్కడనుండి నేర్చినదనుకొంటివి?" అని ఆయన పెద్దవాడైన పిమ్మట తండ్రిని ఎదిరించి అడుగగలిగెను.

చందమామలో 1954లో 'తోకచుక్క' ధారావాహిక మొదలైనది. దానిని వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యము. ఆయన వ్రాసిన ధారావాహికలు ఆ పత్రికలో పేరు లేకుండగనే అచ్చయినవి; పుటలు త్రిప్పిన వేలకొలది పిల్లలకు రచయిత ఎవ్వరో తెలియదు. అమెరికాలో దీనికి విపరీతముగా జరిగెను. 1930లో మొదలైన నాన్సీ డ్రూ అను బాలపరిశోధకురాలి కథలపై కెరొలిన్ కీన్ అను పేరు అచ్చయినది గాని, ఆ పేరుగల మనిషి లేనే లేదు. పలువురు వంతులవారీగా వ్రాసిరి. ఇచ్చట పేరులేని రచయిత, అచ్చట రచయితలేని పేరు! పుస్తకము పట్టుగా సాగినచో పిల్లలకు రెండును ఒకటియే.

ఇక ఆయన తూనిక ఎట్టిదనిన, అది పరీక్షాశాలలో నేర్చినది. రసమునందు కరగియున్న పదార్థమంతయు ఎంత యన్నది 'బ్రిక్సు' తెలుపును. అందులో నిజమైన చక్కెర ఎంత యన్నది 'పోలు' తెలుపును. బ్రిక్సు అధికమై పోలు తక్కువైనచో రసము చిక్కగా కనబడునే గాని, పాకమున చక్కెర పలుకు సరిగా కట్టదు. చాల తేలిక నవలలు అట్టివని ఆయన తీర్పు. తుపాకి మ్రోగును, దీపమాఱును, నల్లని కారు పోవును. పుస్తకము మూసిన పిమ్మట ఏమియు పలుకు కట్టదు.

అపరాధ నవలలో పోలు ఎక్కడ నుండును? న్యాయములో ననుట ఆయన సమాధానము. 1929లో రోనాల్డ్ నాక్స్ అను ఇంగ్లీషు మతాచార్యుడు, స్వయముగా అట్టి నవలలు వ్రాసినవాడు, ఈ తెగ రచయితలకు పది నియమములు పెట్టెను. నేరస్థుడు కథారంభముననే కనబడవలెను. పరిశోధకునకు దొరికిన ఆధారము పాఠకునకు దాచరాదు. దయ్యములు గాని, అదృష్టవశమున దొరికిన సాక్ష్యములు గాని చిక్కుముడిని విప్పరాదు. నియమములను చదువక పూర్వమే మన పాఠకుడు ఇట్టివే పాటించెడివాడు. ఆధారము కనబడినచోట పుట అంచున పెన్సిలుతో చుక్క పెట్టును. తుదిపుట చేరి, తాను చుక్క పెట్టని చోటునుండి నేరస్థుడు ఊడిపడినచో ఆ పుస్తకమును మఱల ఎత్తడు. చుక్క పెట్టియు తానే గుర్తింపలేకపోయినచో రచయితకు మనసులో నమస్కరించును.

అయితే ఆయన మిక్కిలి కోపముతో పెట్టిన గుర్తు చుక్క కాదు, అడ్డగీత. కొన్ని నవలలలో దుర్మార్గుడు తెరపైకి రాగానే తెలిసిపోవును: మొగమున గాటు, మెల్లకన్ను, నల్లని మేను, మాసిన బట్ట. యజమాని ఎన్నడును దొంగ కాడు, పనివాడే దొంగ. ఇట్టి వర్ణన కనబడిన చోటులన్నిటను ఆయన అడ్డగీత గీచెను. దానికొక కారణము కలదు.

ఒక గానుగ కాలమున కార్మికుల ఇండ్లవరుసలో ఒక ఇంట వెండి కడియములు కనబడలేదు. మరాఠ్వాడ నుండి చెఱకు నఱకుటకు వచ్చిన కూలీల గుడిసెలు ఆ వరుసకు దాపుననే యుండెను. వారిలో నొకని చెంపపై కొడవలి తగిలిన పాతగాయము. ఎవ్వరును చెప్పకయే అందఱి కన్నులును వానిపై పడెను. నలుగురు పోయి గుడిసె వెదకిరి. వాని మూటను మట్టిలో విప్పిరి. భార్య బిడ్డనెత్తుకొని ప్రక్కన నిలుచుండెను. మన పాఠకుడు అడ్డుపోయి, "ఆధారమేమి?" అని అడిగెను. ఎవ్వడును పలుకలేదు. "గాయము తప్ప ఏమున్నది?" అని మఱల అడిగెను. రెండుదినములకు ఆ ఇంటి ముసలమ్మ పొరుగూరినుండి తిరిగివచ్చి, దొంగల భయమున తానే దాచిన కడియములను జొన్నల గాదె నుండి తీసెను. కూలీ అప్పటికే పని విడిచి, భార్యాబిడ్డలతో వేఱొక ఊరికి పోయియుండెను. క్షమాపణ చెప్పుటకు మనిషి లేడు. ఆధారమేది యని అడుగుటను పరిశోధక నవలయే తనకు నేర్పెననియు, గాయమును చూచి దొంగయనుటను సైతము అట్టి నవలలే ఆ నలుగురికి నేర్పియుండవచ్చుననియు ఆయన తఱచు చెప్పెడివాడు.

మాయల కథలను గూర్చి ఆయన పట్టింపు తక్కువ. ఒక్కటి మాత్రము అడుగును: మాయకు హద్దు కలదా? మంత్రదండము సర్వమును చేయగలిగినచో నాయకుని ధైర్యముతో పనియేమి? హద్దున్నచోటనే కథ పుట్టును. 1997లో ఇంగ్లండున హ్యారీ పాటర్ కథలు వెలువడి లోకమంతట వ్యాపించినప్పుడు, ఆయన మనుమరాలు వానిని పట్టుకొని అన్నము మఱచినది. తాత నిఘంటువును ప్రక్కన బెట్టుకొని మొదటి సంపుటమును చదివెను. ఆ మాంత్రిక పాఠశాలలో పిల్లలు మంత్రములకు సైతము పరీక్షలు వ్రాయుట ఆయనకు నచ్చినది. అయితే సంపుటములు పోను పోను లావెక్కుట నచ్చలేదు. "చెఱకు తీపని వేళ్లతో నమలవచ్చునా?" అనెను.

మనుమరాలు ఊరకుండలేదు. "తాతా, మీరు చిక్కుముడి కొఱకు చదువుదురు. ముడి విడినచో మీకు పుస్తకముతో పని తీఱును. నేను ఆ పిల్లల కొఱకు చదువుదును. వారు నాతోపాటు పెద్దవారగుచున్నారు. కథ పొడవైనచో వారితో మఱికొన్ని దినములుందును," అని చెప్పినది.

దీనికి ఆయన యొద్ద సిద్ధమైన ఉత్తరము లేదు. యుగంధర్, రాజు ఏండ్లు గడచినను వయసు పెరుగక, అట్లే యుండిరన్న సంగతి ఆయనకు అప్పుడే తోచినది. మఱునాడు నిజామాబాదు పోయినప్పుడు తరువాతి సంపుటమును కొనితెచ్చెను. దానిని ముందు ఎవ్వరు చదువవలెనన్న విషయమై ఇంట వాదము జరిగెను. తుదకు పగలు మనుమరాలును, రాత్రి తాతయు చదువునట్లును, ఒకరి గుర్తుకాగితమును మఱియొకరు కదలింపకుండునట్లును ఒప్పందమైనది.