మొదటి మారథాన్‌కి గీత నేర్పే పాఠం: మితం

ఈ వారం వీడియోలో భగవద్గీత ఆరో అధ్యాయం 16, 17 శ్లోకాలు చెప్పుకున్నాం. అతిగా తినేవాడికి, అసలు తిననివాడికి, అతిగా నిద్రపోయేవాడికి, నిద్ర మానుకునేవాడికి యోగం కుదరదని శ్రీకృష్ణుడు అర్జునుడికి చెప్పిన సందర్భం అది. తిండి, తిరుగుడు, పని, నిద్ర, మెలకువ అన్నీ తగినంతలో ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని తర్వాతి శ్లోకం.

వీడియోలో సమయం చాలక ఒక ఉదాహరణ వదిలేశాను. అది నా సొంత అనుభవమే. మొదటి మారథాన్‌కి తయారవుతున్నవాళ్ళకి, ముఖ్యంగా ఉపవాసాలు కూడా పాటించేవాళ్ళకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

ఆ ఆదివారం ఏం జరిగిందంటే

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. ఫుల్ అంటే 42.195 కిలోమీటర్లు. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. దారంతా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు, పైగా వానాకాలపు ఉక్క. ఏళ్ళ తరబడి ఆఫీసు కుర్చీలో కూర్చున్న నేను, అది పూర్తిచేస్తే అలిపిరి మెట్ల దారిలో 3,550 మెట్లూ ఎక్కి స్వామి దర్శనం చేసుకుంటానని మొక్కుకున్నాను.

నాకు శనివారం ఉపవాసం అలవాటు. పరుగు మీద పట్టుదల పెరిగేకొద్దీ ఉపవాసాన్ని కూడా కఠినం చేశాను. రాత్రి ఫలహారం కూడా మానేశా. ఆకలి ఓర్చుకోలేనివాడు 42 కిలోమీటర్లు ఏం ఓర్చుకుంటాడు అని నా లెక్క. ఒక ఆదివారం తెల్లవారుజామున ఖాళీ కడుపుతో 24 కిలోమీటర్లకి బయల్దేరా. 17 దాటాక చేతులు చల్లబడ్డాయి, కళ్ళు తిరిగాయి. ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. పూలబుట్టతో వెళ్తున్న ఒకావిడ ఆగి, తన డబ్బా మూతలో ఇంత పెరుగన్నం పెట్టి చేతికిచ్చింది. "ముందుగాల తిను బిడ్డా" అంది.

ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ కోప్పడలేదు. ఒక్క మాట అడిగింది. "ఉపవాసమంటే దేవుడికి దగ్గరగా ఉండటం రా. పొద్దుట్నుంచీ నువ్వు ఎవరి దగ్గరున్నావ్?"

నిజం చెప్పాలంటే నా వాచీ దగ్గరున్నాను. కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు, మొన్నటికన్నా ఎంత తగ్గింది, ఫ్రెండ్స్ కన్నా ఎంత వెనక. భక్తి అనుకున్నది సగం మొండితనం, సగం గొప్ప.

తిండిలో మితం

పరుగెత్తడానికి శరీరం ముఖ్యంగా వాడుకునేది కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం. ఆ నిల్వ పరిమితం. కడుపునిండా తిన్నవాళ్ళకే చాలామందికి 30 కిలోమీటర్ల దగ్గర అది అడుగంటుతుంది. ముందురోజంతా పస్తుంటే ఇంకా ముందే అయిపోతుంది. అందుకని ఉపవాసం ఉన్న మర్నాడు లాంగ్ రన్ పెట్టుకోకండి. శనివారం నియమం ఉంటే లాంగ్ రన్ మంగళవారమో, బుధవారమో పెట్టుకోవచ్చు. ఏకాదశి ఎప్పుడొస్తుందో పంచాంగంలో చూసుకుని ఆ వారం ప్లాన్ మార్చుకోండి. నిర్జల ఉపవాసం రోజున పరుగు వద్దే వద్దు.

గంటన్నర దాటే పరుగుల్లో దారిలో కూడా తినాలి. ఖర్జూరం, అరటిపండు, బెల్లం ముక్క, ఏది పడుతుందో ముందే అలవాటు చేసుకోవాలి. ఉప్పేసిన మజ్జిగ, నిమ్మరసం మంచివి. అలాగని దాహం లేకుండా లీటర్లకొద్దీ నీళ్ళు తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడిపోతుంది.

వేగంలో మితం

వారంలో ఎక్కువ పరుగులు నెమ్మదిగానే ఉండాలి. ఎంత నెమ్మది? పరుగెత్తుతూ గోవింద నామాలు ఆయాసం లేకుండా పైకి చెప్పగలగాలి. మాట తెగిపోతోందంటే వేగం తగ్గించండి. సిగ్గుపడకుండా కాసేపు నడవండి.

విశ్రాంతిలో మితం

5 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తడం వచ్చాక, ఫుల్‌కి కనీసం నాలుగైదు నెలలు పెట్టుకోండి. వారానికి నాలుగు రోజులు చాలు. లాంగ్ రన్‌ని వారానికి ఒకటి, రెండు కిలోమీటర్లే పెంచండి. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించండి. 30 కిలోమీటర్ల పెద్ద పరుగు రేసుకి మూడు వారాల ముందే అయిపోవాలి. ఆ తర్వాత దూరం తగ్గిస్తూ రావాలి. కండరం గట్టిపడేది పరుగెత్తేటప్పుడు కాదు, పడుకున్నప్పుడు. నిద్ర తగ్గించుకుని చేసే ప్రాక్టీసు గీత వద్దన్నదే. గుండెజబ్బు, బీపీ, షుగర్ మీకుగానీ ఇంట్లోగానీ ఉంటే ముందు డాక్టర్‌ని కలవండి.

మొక్కు సంగతి

ఆ ఏడాది నేను ఫుల్ మానుకుని హాఫ్ పరుగెత్తాను. కాళ్ళనొప్పి కన్నా అదే ఎక్కువ కష్టమనిపించింది. అందరికీ చెప్పుకున్నాను కదా, మొక్కు కూడా ఉంది కదా అని బాధ. నాయనమ్మ నవ్వి, "ఏడుకొండలవాడు వడ్డీ కట్టుకుంటూ ఉన్నాడు, నీకు ఒక్క ఏడాది వాయిదా ఇవ్వడా?" అంది.

మరుసటి ఏడు గచ్చిబౌలి చేరేసరికి ఐదున్నర గంటలు దాటింది. గొప్ప టైమేం కాదు. కానీ ఆ ఉదయం వాచీ వైపు చూసింది తక్కువ, నామం చెప్పుకున్నది ఎక్కువ. ఆ తర్వాత నెలలో కొండెక్కాను.

ఆరో అధ్యాయంలోనే మనసు గాలిలాంటిదని అర్జునుడు వాపోతే, అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుబడుతుందని స్వామి చెప్తాడు. రోజూ షూ వేసుకుని బయల్దేరడం అభ్యాసం. ఒంట్లో బాగోలేని రోజు షూ విప్పేయగలగడం వైరాగ్యం. మొదటిది మనందరికీ తెలుసు. రెండోదే నేర్చుకోవాలి.

ఈ వారం సాధన: ఒక్క పరుగు వాచీ ఇంట్లో పెట్టి వెళ్ళండి. నామం తెగని వేగంలో అరగంట. అంతే.

జై శ్రీకృష్ణ. వచ్చే వారం వీడియోలో కలుద్దాం.