హోటలు వ్యాపారమున పనివారు

బట్టలకొట్టులో గుమాస్తా ఒకనాడు ముభావముగా నున్నను చీర నాణ్యము చెడదు. హోటలులో అట్లు కాదు. కాఫీ ఎంత చక్కగా కలిపినను, తెచ్చినవాడు గ్లాసును బల్లమీద టక్కున పెట్టి పోయెనా, ఆ వచ్చినవాడు మరల ఆ మెట్టెక్కడు. బట్టలు, బంగారము, దినుసుల వర్తకమునుండి లాడ్జీలు, భోజనశాలలలోనికి దిగు జైన కుటుంబములవారు పనివారి సంగతి ముందుగా ఆలోచింపవలసియున్నది.

హోటళ్ళలో తగవులు జీతముకంటె పనివేళలవలన ఎక్కువగా పుట్టును. తెల్లవారుజామున ఇడ్లీ పొయ్యి వెలిగించినవానినే రాత్రి భోజనముల వరకు నిలిపినచో, వానికి చిరునవ్వు ఎక్కడనుండి వచ్చును? రెండు జట్లు పెట్టుట ఖర్చే. కాని మనుష్యులు మాటిమాటికి మానిపోవుట అంతకంటె పెద్ద ఖర్చు.

భయమువలన కలుగు నష్టము లెక్కల పుస్తకములో కనబడదు. పగిలిన గ్లాసు ఖరీదు జీతములో కోసినచో, బీటవారిన గ్లాసును ఎవడును తీసి చూపడు; అది అతిథి పెదవివరకు పోవును. అట్లే, “ఇందులో ఉల్లి, వెల్లుల్లి ఉన్నవా?” అని అడిగినవారికి, వంటింటికి పోయి విచారించిన మాస్టరు కసురునని జంకి, “లేవండీ” అని చెప్పివేయు సప్లయర్లు గలరు. జైన గృహములవారికి ఇది ఎంత బాధాకరమో వేరుగా వ్రాయనక్కరలేదు. ఆ అబద్ధమునకు సగము బాధ్యత గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవానిది. “అడిగి వచ్చెదనండీ” అన్న పనివానిని ఆలస్యమైనదని తిట్టకుండుటయే దీనికి మందు.

దోసె మాస్టరు మానిపోయిన మరునాడు వ్యాపారము సగమగుట తెలిసినదే. రెండవవానికి పని నేర్పుమన్నచో అతడు నేర్పడు. నేర్పినచో తన చోటు పోవునని అతని అనుమానము, అది అకారణము కాదు. శిష్యుడు పెనము పట్టిననాటినుండి మాస్టరు జీతము పెంచెదమని ముందే ఒప్పుకొని, ఆ మాట నిలుపుకొనవలెను.

బెంగుళూరులో 1924లో మొదలైన మావళ్ళి టిఫిన్ రూమ్స్ వారి ఉదాహరణ గమనింపదగినది. అత్యవసర పరిస్థితి కాలమున (1975-77) ప్రభుత్వము ధరలు తగ్గించి నిర్ణయింపగా, సరుకు తగ్గించుట ఇష్టములేక వారు హోటలు మూసిరి. కాని పనివారిని పంపివేయక, మసాలాపొడులు, తక్షణ పిండిమిశ్రమములు తయారుచేయించి అమ్మిరి. ఆ పొడుల వ్యాపారము పిమ్మట హోటలును మించి పెరిగినది.

ఇంకొకటి ఇండియన్ కాఫీ హౌస్. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూయదలచినప్పుడు, ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహముతో పనివారే సహకార సంఘములుగా చేరిరి. మొదటి సంఘము 1957 ఆగస్టు 19న బెంగుళూరులో ఏర్పడినది. మరుసటి ఏడు త్రిచూరులోను వచ్చినది. తలపాగా చుట్టి కప్పు అందించినవాడే సంఘ సభ్యుడు.

ఎవరును కొట్టు అప్పగింపనక్కరలేదు. కాని నెలాఖరున అమ్మకము ఎంతయినదో పనివారికి చెప్పవచ్చును. అనుకొన్న మొత్తము మించినచో, మించినదానిలో వంటింటికి ఎంత, సప్లయర్లకు ఎంత, అంట్లు తోమువారికి ఎంత అన్నది ముందుగానే కాగితముమీద పెట్టవచ్చును. దీపావళికి ఇచ్చు బట్టలను మాత్రము ఇందులో జమకట్టరాదు.