గజ్జల్లో బిళ్ల కడితే కోయించాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పాములపాడు. మిరపచేలో అరికాల్లో తుమ్మముల్లు దిగితే నేనే పిన్నీసుతో తీసుకున్నాను. మూడో రోజుకు గజ్జల్లో చింతగింజంత బిళ్ల కట్టింది. నడిస్తే నొప్పి. పుండు కాల్లో ఉంటే బిళ్ల అక్కడెందుకు? సున్నం, బెల్లం పట్టు వేయమని కొందరు, కోయించమని కొందరు అంటున్నారు.
– ఒక రైతు

జవాబు: పట్టూ వద్దు, కోతా వద్దు. ఆ బిళ్ల మీ ఒంటికి కాపలా కాస్తోంది.

రక్తనాళాల్లోంచి కండలోకి ఊరిన నీరంతా తిరిగి రక్తంలోకి పోదు. మిగిలినదాన్ని సన్నటి లింఫ్ నాళాలు తోడుకుంటాయి. దీన్ని తోయడానికి గుండె లాంటి పంపు లేదు. నాళం గోడలు కొంత నొక్కుతాయి, మీరు నడిచినప్పుడు పిక్క కండ బిగుసుకుని కొంత పైకి నెడుతుంది. లోపలి కవాటాలు వెనక్కి జారనివ్వవు. దారి పొడవునా లింఫ్ గ్రంథులుంటాయి. ఒంట్లో అవి వందల్లో ఉన్నాయి. కాలి నుంచి వచ్చే నీరు గజ్జల్లో, చేతిది చంకలో, నోరు, గొంతులది మెడలో వడపోతకు ఆగుతుంది.

ముల్లుతో దిగిన క్రిములు అక్కడికి చేరగానే లింఫోసైట్లు అనే తెల్లకణాలు వాటిని గుర్తుపట్టి, అక్కడికక్కడే విపరీతంగా పెరుగుతాయి. అందుకే వాపు, నొప్పి. వాటిలో కొన్ని యాంటీబాడీలు తయారుచేస్తాయి. కొన్ని ఆ క్రిమిని ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటాయి. టీకా పనిచేసేదీ ఇలాగే.

చూడాల్సింది బిళ్లను కాదు, పాదాన్ని. సబ్బుతో కడిగి, ఆరోగ్య కేంద్రంలో ముల్లు ముక్క మిగిలిందేమో చూపించండి. ధనుర్వాతం ఇంజెక్షన్, షుగర్ పరీక్ష అడిగి చేయించుకోండి. కాలి మీద ఎర్రటి గీత పైకి పాకినా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పుండు మానాక బిళ్ల రెండు మూడు వారాల్లో తగ్గాలి. తగ్గకపోయినా, నొప్పి లేకుండా గట్టిగా పెరిగినా, సాయంత్రం జ్వరం వచ్చి బరువు తగ్గుతున్నా సూది పరీక్ష చేయించాలి. క్షయ అయితే మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

ప్రశ్న: మా అమ్మకు బోదకాలు. ఆ కాలికే మాటిమాటికీ చలిజ్వరం ఎందుకొస్తోంది?

జవాబు: ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాల్లోనే కాపురముండి కవాటాలను పాడుచేస్తాయి. నీరు నిలిచిపోతే కాపలా కణాలు సరిగా తిరగలేవు. వేళ్ల సందుల పగుళ్లలోంచి దూరిన క్రిములకు అడ్డుండదు. ఈ పురుగుల మీద పనిచేసే హెట్రజాన్ మందును 1940ల్లో అమెరికాలో కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే. కానీ ఒకసారి ముదిరిన వాపును మందు పూర్తిగా తీసేయలేదు. రోజూ ఆ కాలిని సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిబట్టతో తుడవండి. పడుకున్నప్పుడు కాలి కింద దిండు పెట్టండి. ఈ పని మీ చేతుల్లో ఉంది, ఈ రాత్రే మొదలుపెట్టండి.