చదువుకునే తల్లులు – తేరుకునే శక్తి

బి.ఎడ్. పుస్తకాల్లో రెజిలియెన్స్‌కు 'స్థితిస్థాపకత' అనే మాట కనిపిస్తుంది. సాగదీసి వదిలిన రబ్బరు మళ్లీ పాత ఆకారానికి రావడమన్న మాట. బిడ్డ పుట్టాక తిరిగి కాలేజీకి వచ్చే అమ్మాయి పాత ఆకారానికి రాదు. అందుకే మేము దాన్ని 'తేరుకునే శక్తి' అంటాం.

మా పాఠశాలకు టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చే బి.ఎడ్. విద్యార్థినుల్లో తల్లులూ ఉంటారు. ఒకసారి అలాంటి అమ్మాయి పాఠ్యపథకం రాయకుండా వచ్చింది. పిల్లల ముందే మందలించాం. ఆమె తల దించుకుంది, ఏమీ అనలేదు. బిడ్డకు రాత్రంతా జ్వరమని మధ్యాహ్నం తోటి విద్యార్థిని చెబితే తెలిసింది. ఉద్వేగ ప్రజ్ఞ మీద పరీక్షలో పేజీలకు పేజీలు రాసిన మాకు ఎదురుగా ఉన్న ముఖం చదవడం రాలేదు.

ఈ భావనను 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ వివరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో అందరికీ తెలిసింది. మనలోని, ఎదుటివారిలోని ఉద్వేగాన్ని గుర్తించడం ఇందులో తొలి మెట్టు. అదుపు ఆ తర్వాతి సంగతి. మన ఇళ్లలో మాత్రం నేరుగా అదుపే నేర్పుతాం. "ఓర్చుకో అమ్మా" అంటాం. ఓర్చుకుని ఓర్చుకుని ఆమె ఒకరోజు బిడ్డ మీద అరుస్తుంది. అది నిద్రలేమి అని గుర్తించదు, తప్పంతా చదువుదే అనుకుంటుంది, మానేస్తుంది. "అత్తమ్మా, రేపు పరీక్ష, భయంగా ఉంది, రెండు గంటలు బాబును చూడండి" అని నోరు తెరిచి అడగగలగడం కూడా తేరుకునే శక్తే. (తండ్రులైన విద్యార్థులూ ఉన్నారు. వాళ్ల పరీక్షలప్పుడు ఇల్లంతా చప్పుడు చేయదు, అడగాల్సిన పనే ఉండదు.)

అడగవలసింది ఇంట్లోనే కాదు. పిహెచ్.డి. చేసే మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని యూజీసీ 2022 నిబంధనల్లో ఉంది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలను కోరింది. మాకు తెలిసిన అమ్మాయిల్లో చాలామంది ఈ మాటే వినలేదు. హాజరు చాలదనగానే ఇంటికి వెళ్లిపోతారు. కాన్పుకు ముందే కాలేజీలో నియమాలేమిటో కనుక్కుని, అర్జీ రాసిచ్చి, ఒక నకలు దగ్గర ఉంచుకోవాలి.

ఆ బి.ఎడ్. అమ్మాయిని మర్నాడు స్టాఫ్ రూముకు పిలిచి, పొరపాటు మాదేనన్నాం.

"పిల్లల ముందు కూడా చెబుతారా మేడమ్?" అంది మెల్లగా.

చెప్పాం.