కడియం నుంచి యానాం దాకా సైకిల్‌పై

ప్రశ్న: ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ యాత్రల గురించి చదివాను. మా కడియం నుంచి అలాంటి దారి ఏదైనా ఉందా?

జవాబు: తప్పకుండా ఉంది. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం వెళ్లండి. ద్వారపూడి, మండపేట, రామచంద్రపురం మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. రెండు రోజులు పెట్టుకుంటే హాయిగా సాగుతుంది. పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామం దారిలోనే ఉంది. అక్కడి భీమేశ్వరాలయపు రాతి స్తంభాల మీది శాసనాలను నిదానంగా చూడండి. నేల చదును కాబట్టి గేర్ల సైకిల్ అక్కర్లేదు. వానపడితే మాత్రం కాలువగట్టు ఎక్కకండి. నల్లమట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. డిసెంబరు, జనవరి నెలలు అనుకూలం. పంక్చర్ సామాను, చేతిపంపు, నీళ్లు వెంట ఉంచుకోండి. తెల్లవారుజామున లైటు లేకుండా బయల్దేరకండి.